మనం గెలిచాం, వాళ్ళు ఓడిపోయారు

పాఠంలోకి వెళ్ళేముందు

ఇంగ్లీషులో ‘వి’ అనే ఒక్క మాటతో పని జరిగిపోయే చోట తెలుగులో రెండు మాటలున్నాయి: మనం, మేము. ఇంట్లో ఈ రెండూ మీరు రోజూ వింటూనే ఉంటారు. అమ్మ ఫోనులో అమ్మమ్మతో “మేము రేపు బయల్దేరుతున్నాం” అంటుంది. బయల్దేరేది అమ్మ, నాన్న, మీరు. అమ్మమ్మ బయల్దేరడం లేదు, ఆవిడ అక్కడే ఉండి మీకోసం ఎదురుచూస్తుంది. వెంటనే అమ్మ “ఎల్లుండి మనం గుడికి వెళ్దాం” అంటుంది. ఈసారి అమ్మమ్మ కూడా లెక్కలో ఉంది. మీ మాట వింటున్న మనిషిని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము.

తేడా చిన్నదే. కానీ ఆటలు చూసే జనం మధ్య కూర్చుంటే ఈ రెండు మాటలూ నిమిషానికోసారి చోటు మారుతుంటాయి. జట్టు గెలుస్తుంటే “మనం”. ఓడిపోతుంటే అదే జట్టు, అదే మనిషి నోట్లో “వాళ్ళు” అయిపోతుంది. కింది కథ దుబాయిలో పుట్టిన ఒక అబ్బాయి చెప్పింది. ఒకసారి ఊరికే చదవండి. రెండోసారి పెన్సిల్ పట్టుకుని మనం, మేము, వాళ్ళు, మన, మా అన్న మాటల కింద గీతలు గీయండి.

చదవండి

2022 డిసెంబరులో నాకు పన్నెండేళ్ళు. మేముండేది దుబాయిలో. నేను పుట్టింది కూడా అక్కడే. సెలవులకి ఎప్పుడూ నేరుగా నెల్లూరు వెళ్ళేవాళ్ళం. ఆ ఏడు మాత్రం దారిలో కేరళలోని కోజికోడ్‌లో దిగాం. నాన్నతో కలిసి పనిచేసే అంకుల్ వాళ్ళది ఆ పక్కన పల్లెటూరు. ఆయన చెల్లెలి పెళ్ళి 17వ తేదీ శనివారం అయిపోయింది. మా రైలు 19న. మధ్యలో మిగిలిన ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్! అర్జెంటీనాకీ ఫ్రాన్స్‌కీ. ఆట జరిగేది ఖతార్‌లో, లుసైల్ స్టేడియంలో.

నాకు ఎంబాపే అంటే ప్రాణం. ఫ్రాన్స్ వాళ్ళ నీలం జెర్సీ పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టుకున్నా.

ఎయిర్‌పోర్టు నుంచి వస్తుంటే దారి పొడవునా జెండాలే. కరెంటు స్తంభాలకి, కొబ్బరిచెట్లకి, టీకొట్ల మీద. లేత నీలం, తెలుపు చారలవి అర్జెంటీనావి. పసుపు, ఆకుపచ్చవి బ్రెజిల్‌వి. మన ఊళ్ళలో సినిమా హీరోలకి కట్టే కటౌట్లలాంటివే అక్కడ మెస్సీకి, నేమార్‌కి కట్టారు. టాక్సీ డ్రైవరు నాన్నని అడిగాడు, “అర్జెంటీనానా, బ్రెజిలా?” అని. నాన్న “ఇండియా” అన్నాడు. డ్రైవరు మర్యాదగా నవ్వి మళ్ళీ అదే ప్రశ్న అడిగాడు.

“ఇక్కడ మూడో సమాధానం లేదు” అని అంకుల్ తర్వాత చెప్పారు. ఆ ప్రాంతాన్ని మలబార్ అంటారు. అక్కడ పిల్లలకి ఫుట్‌బాల్ అంటే మన పిల్లలకి క్రికెట్ ఎంతో అంత. జట్టుకి ఏడుగురు చొప్పున ఆడే ‘సెవెన్స్’ పోటీలకి ఊళ్ళకి ఊళ్ళు కదిలివస్తాయట. అంకుల్ ఫోనులో ఒక ఫోటో చూపించారు. దగ్గర్లోనే పుళ్ళావూర్ అనే ఊరు. ప్రపంచకప్ మొదలయ్యే ముందు అర్జెంటీనా అభిమానులు అక్కడ ఏటి మధ్యలో 30 అడుగుల మెస్సీ కటౌట్ నిలబెట్టారు. బ్రెజిల్ వాళ్ళు ఊరుకుంటారా? 40 అడుగుల నేమార్‌ని తెచ్చి పెట్టారు. తర్వాత పోర్చుగల్ అభిమానులు రొనాల్డోని ఇంకా పొడుగ్గా నిలబెట్టారు. ఆ ఫోటోని చివరికి ఫిఫా వాళ్ళే ప్రపంచానికంతటికీ చూపించారు.

“మరి నేమార్, రొనాల్డో ఇంటికెళ్ళిపోయారు కదా అంకుల్” అన్నా. బ్రెజిల్ 9వ తేదీన క్రొయేషియా చేతిలో, పోర్చుగల్ 10న మొరాకో చేతిలో ఓడిపోయాయి.

“అవును. ఏట్లో నిలబడ్డ ముగ్గురిలో ఫైనల్‌కి వచ్చింది ఒక్కడే.”

“అయితే బ్రెజిల్ వాళ్ళు ఫైనల్ చూడరా?”

“ఎందుకు చూడరు? ఇవాళ రాత్రికి వాళ్ళంతా ఫ్రాన్స్!”

నేను ఆగిపోయా. నాలాంటివాళ్ళు ఈ ఊళ్ళో అంతమంది ఉన్నారా?

అంకుల్ వాళ్ళు ముగ్గురు అన్నదమ్ములు. పెద్ద అంకుల్ అర్జెంటీనా, చిన్న అంకుల్ బ్రెజిల్. వాళ్ళ నాన్నగారు, అంటే తాత, అర్జెంటీనా. 1986లో మారడోనా ఆడుతుంటే టీవీలో చూశారట, అప్పట్నుంచీ అర్జెంటీనానే. 1990 ఫైనల్లో ఓడిపోయింది, 2014 ఫైనల్లో ఓడిపోయింది, తాత మాత్రం మారలేదు. మా గురించి అడిగి, తెలుగువాళ్ళమని తెలియగానే “హైదరాబాదా? రహీం సాబ్ ఊరు!” అన్నారు. నాన్న “కాదండీ, నెల్లూరు” అన్నా వినిపించుకోలేదు. రహీం సాబ్ ఎవరో నాకు తెలీదు. తాతే చెప్పారు. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదులో బడి పంతులు, తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టుకి కోచ్. ఆయన ఉన్నప్పుడే 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల్లో మన జట్టు బంగారు పతకం గెలిచింది. తాతకి అప్పుడు పదిహేనేళ్ళు.

“ఆ ఫైనల్ రోజు స్టేడియంలో జనమంతా మనకి ఎదురే. మనవాళ్ళు బంతి ముట్టుకుంటే చాలు, గోల చేసేవాళ్ళట. అయినా కొరియా మీద 2–1తో గెలిచాం” అన్నారు. ఆ “మనం”లో నేనూ ఉన్నాను. మలయాళం, తెలుగు తేడా లేదు అందులో.

వాళ్ళింట్లో మాతో హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడేవాళ్ళు. వాళ్ళలో వాళ్ళు మలయాళం. దుబాయిలో మా పక్కింటివాళ్ళు మలయాళీలే కాబట్టి నాకు కొంచెం అర్థమవుతుంది. ఇక్కడ అంతా తెలుగులోనే రాస్తున్నా.

రాత్రి ఏడింటికే ఊరి మైదానానికి వెళ్ళాం. పెద్ద తెర కట్టారు, ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. అమ్మ ముందే చెప్పింది: “ఏందిరా, ఆ నీలం చొక్కాయేనా? దాని మీద ఇంకో చొక్కా ఏసుకో. మనం చుట్టాలింటికి వచ్చినోళ్ళం, ఎవరితో పోట్లాట వద్దు.” సరే అని పైన తెల్లచొక్కా వేసుకున్నా, గుండీలన్నీ పెట్టుకుని. చెమటలు పట్టాయి.

మైదానంలో కుడివైపంతా అర్జెంటీనా. ఎడమవైపు పసుపు జెర్సీలు, బ్రెజిల్ వాళ్ళు. వాళ్ళ చేతుల్లో ఫ్రాన్స్ జెండాలు! కొన్ని మరీ కొత్తవి, మడతలు కూడా పోలేదు. చిన్న అంకుల్ నన్ను లాక్కెళ్ళి వాళ్ళ మధ్య కూర్చోబెట్టి, “ఈ పిల్లాడు నమ్మళ్ మనిషి” అన్నారు. నమ్మళ్ అంటే మనం. అందరూ నా వీపు తట్టారు. ఒకాయన అరటిపండు బజ్జీ ఇచ్చాడు. దాన్ని అక్కడ పళంపొరి అంటారు.

“మీకు ఫ్రాన్స్ అంటే అంత ఇష్టమా అంకుల్?” అని అడిగా.

“ఇష్టమా! అర్జెంటీనా గెలిచిందంటే ఇంకో నాలుగేళ్ళు మా అన్న నోటికి తాళం ఉండదు. అదీ నా బాధ.”

ఆట మొదలైంది. 23వ నిమిషంలో మెస్సీ పెనాల్టీ కొట్టాడు, 1–0. 36వ నిమిషంలో డి మరియా, 2–0. కుడివైపు టపాసులు, డప్పులు. మొదటి సగమంతా ఫ్రాన్స్ గోలు వైపు ఒక్క షాటైనా కొట్టలేదు.

నా చుట్టూ కుర్చీలు ఖాళీ అవడం మొదలైంది. “వీళ్ళకి ఆటే రాదు” అన్నాడు బజ్జీ ఇచ్చినాయన. “ఫ్రాన్స్ వాళ్ళు నిద్రపోతున్నారు. వాళ్ళని నమ్ముకున్నాం చూడు” అన్నాడు ఇంకొకాయన. అరగంట ముందు మనం. ఇప్పుడు వాళ్ళు. జెండాలు కుర్చీల కిందకి చేరాయి. చిన్న అంకుల్ చాయ్ తాగొస్తానని జారుకున్నారు. ఎనిమిదేళ్ళ మా చెల్లి ఎప్పుడో పెద్ద అంకుల్ దగ్గరికి వెళ్ళిపోయింది. ఆయన చాక్లెట్లు పంచుతున్నారు మరి. దాని బుగ్గ మీద లేత నీలం, తెలుపు చారలు కూడా వచ్చేశాయి.

ఆ వరసలో నేనొక్కణ్ణే మిగిలా. లేచి అమ్మ దగ్గరికి వెళ్ళిపోదామా అనుకున్నా. వెళ్ళలేదు. ఎందుకంటే చెప్పలేను.

80వ నిమిషంలో ఫ్రాన్స్‌కి పెనాల్టీ వచ్చింది. ఎంబాపే కొట్టాడు. 2–1. ఆ అరుపులు ఆగకముందే, రెండు నిమిషాలు కూడా తిరక్కుండా, గాల్లో ఉన్న బంతిని నేలకి తగలనీకుండా కొట్టాడు. 2–2!

ఎక్కణ్ణుంచి వచ్చారో అందరూ వచ్చేశారు. ఖాళీ కుర్చీలు నిండిపోయాయి. నలిగిన జెండాలు మళ్ళీ పైకి లేచాయి. చిన్న అంకుల్ చాయ్ గ్లాసుతోనే పరుగెత్తుకొచ్చి, “చూశావా మనవాడిని! నేను చెప్పలా?” అన్నారు. ఆయన ఏం చెప్పారో నాకు గుర్తులేదు. నాకు మాత్రం ఇంక ఆగలేదు. తెల్లచొక్కా గుండీలు విప్పేశా. నీలం జెర్సీ చూసి ఎడమవైపంతా ఈలలు. దూరం నుంచి అమ్మ తల పట్టుకోవడం కనిపించింది.

అసలు తమాషా ముందు వరసలో జరిగింది. అక్కడ అర్జెంటీనా జెర్సీలో ఒకాయన కూర్చున్నాడు. 2–0 అప్పుడు “మనల్ని ఆపేవాడు లేడు” అని కుర్చీ ఎక్కి గెంతాడు. 2–2 కాగానే “నేను ముందే చెప్పా, ఈ అర్జెంటీనా డిఫెన్స్ దండగ అని. వాళ్ళ రాత అంతే” అని తిట్టడం మొదలుపెట్టాడు. అదనపు సమయంలో 108వ నిమిషానికి మెస్సీ ఇంకో గోల్ కొట్టగానే మళ్ళీ కుర్చీ ఎక్కి “మనం! మనం!” 118వ నిమిషంలో ఎంబాపే పెనాల్టీతో 3–3 చేశాడు. ఆయన కుర్చీ దిగి, చెప్పులు వేసుకుని, ఇంటికి బయల్దేరాడు. గేటు దగ్గర నిలబడి మాత్రం తెర వైపే చూస్తున్నాడు. తాత ఆయన్ని చూసి తల కూడా తిప్పలేదు. ఆట మొదలైనప్పుడు ఎలా కూర్చున్నారో, రెండు చేతులూ కర్ర మీద పెట్టుకుని, అలాగే ఉన్నారు.

చివరి క్షణాల్లో ఫ్రాన్స్ ఆటగాడు కోలో మువానీ ఒంటరిగా గోల్‌కీపర్ ఎదురుగా దొరికాడు. కొట్టాడు. అర్జెంటీనా కీపర్ మార్టినెజ్ ఎడమకాలు చాపి ఆపేశాడు. ఆ ఒక్క కాలు లేకపోతే… వద్దులే, తలుచుకోను.

పెనాల్టీ షూటౌట్. ఎంబాపే కొట్టాడు, మెస్సీ కొట్టాడు. తర్వాత కోమన్ షాట్‌ని మార్టినెజ్ ఆపాడు, చువామెని బంతి పక్కకి పోయింది. చివరికి మోంటియెల్ కొట్టిన గోల్‌తో 4–2. అర్జెంటీనా గెలిచింది. 118వ నిమిషంలో చేతికి బంతి తగిలి ఫ్రాన్స్‌కి పెనాల్టీ వచ్చేలా చేసింది ఆ మోంటియెలే.

మైదానమంతా పొగ, వెలుగు. గేటు దగ్గరాయన పరుగున వచ్చి “మనం గెలుస్తామని మొదట్నుంచీ అంటూనే ఉన్నా!” అని కనబడినవాళ్ళందర్నీ కావలించుకున్నాడు. నా చుట్టూ ఉన్న పసుపు జెర్సీలవాళ్ళు కూడా పెద్దగా బాధపడలేదు. “ఓడింది ఫ్రాన్స్ వాళ్ళు కదా. మాది బ్రెజిల్. మాకేంటి?” అనుకుంటూ వెళ్ళిపోయారు. చిన్న అంకుల్ ఫోన్ ఆపేసి చీకట్లోకి నడిచారు, వాళ్ళన్నకి దొరక్కుండా.

అంతమందిలో నీలం చొక్కా నాదొక్కటే. తెల్లచొక్కా పక్క కుర్చీ మీదే ఉంది. తీసి వేసుకుంటే సరిపోయేది. వేసుకోబుద్ధి కాలేదు.

తాత కర్ర ఊపి పిలిచారు. వెళ్ళా. ఏమనాలో తెలీక, వచ్చిన మలయాళంలోనే “ఞఙ్ఙళ్ తోట్టు” అన్నా. మేము ఓడిపోయాం అని.

తాత నవ్వలేదు. “ప్రపంచకప్ ఫైనల్లో మూడు గోల్స్ కొట్టినవాడు ఇంతకుముందు ఒక్కడే ఉన్నాడు. 1966లో ఇంగ్లండ్ ఆటగాడు హర్స్ట్. రెండోవాడు మీవాడు” అన్నారు. మీవాడు! ఆ రాత్రి ఎంబాపేని అలా నాకు ఇచ్చేసింది ఆయనొక్కరే.

తర్వాత నా భుజం పట్టుకుని లేచి, టపాసుల మధ్యలోంచి ఇంటివైపు నడుస్తూ “నముక్కు చాయ కుడిక్కాం” అన్నారు. మనం చాయ్ తాగుదాం అని.

మాటల సంగతి

కథలో మీరు ఆగిపోయి ఉండదగ్గ మాటలు ఎక్కువ లేవు. అయితే ముందు వరసాయన లాంటి మనుషుల గురించి మాట్లాడాలంటే తెలుగులో మంచి మంచి పలుకుబళ్ళున్నాయి. అవి తెలుసుకోకుండా ముందుకెళ్తే ఈ పాఠం దండగ. (‘దండగ’ అంటే వృథా, పనికిరానిది. దసరాకి వచ్చే ‘పండగ’తో కలిపేయకండి!)

ఏ పక్షమో తేల్చకుండా, ఎటు లాభమో చూసుకుని అటు దూకేవాణ్ణి గోడమీద పిల్లి అంటారు. పిల్లి గోడమీద కూర్చుంటే ఏ ఇంట్లోకి దూకుతుందో ఎవరికీ తెలీదు కదా, అదీ సంగతి. అన్న మాటని గభాలున మార్చేస్తే ప్లేటు ఫిరాయించాడు అంటారు. 2–2 అప్పుడు ముందు వరసాయన చేసింది అదే. రాజకీయాల్లో పార్టీ మారడాన్ని కూడా ఫిరాయింపు అనే రాస్తారు, పేపర్లో కనబడుతుంది.

ఎవరినైనా విపరీతంగా పొగిడితే ఆకాశానికెత్తేశారు, విపరీతంగా తిడితే దుమ్మెత్తిపోశారు. ఈ రెండూ ఒకే అభిమాని ఒకే రాత్రి చేయగలడు. చిన్న అంకుల్ చాయ్ పేరు చెప్పి వెళ్ళిపోవడం జారుకోవడం, అంటే ఎవరికీ తెలియకుండా మెల్లగా తప్పుకోవడం. ఇక తాతలాగా ఏం జరిగినా పక్షం మారనివాడు వీరాభిమాని. మన సినిమా పోస్టర్లలో ఈ మాట తెగ కనిపిస్తుంది, కానీ దానికి అసలు సిసలు ఉదాహరణ ఈ తాతే అని నా అభిప్రాయం.

అమ్మ మాట గమనించారా? “ఏందిరా”, “ఏసుకో”, “వచ్చినోళ్ళం”. అది నెల్లూరు వైపు ఇంటి మాట. పుస్తకంలో అయితే “ఏమిట్రా”, “వేసుకో”, “వచ్చినవాళ్ళం”. రెండూ సరైనవే. మీ ఇంట్లో ఏది వినిపిస్తే అది మాట్లాడండి, రెండోది చదివితే అర్థమవ్వాలి.

మనం, మేము: కొంచెం లోతుగా

ఈ జంటకి పిల్లలు కూడా ఉన్నాయి. మన – మా. మనకి – మాకు. మనల్ని – మమ్మల్ని. మనతో – మాతో. మనవాడు – మావాడు. మొదటిది ప్రతిసారీ వింటున్నవాళ్ళని కలుపుకుంటుంది, రెండోది కలుపుకోదు. మీ స్నేహితుడితో “మా నాన్న” అనాలి. చెల్లితో కూడా “మా నాన్న” అన్నారంటే అది “నాకు కాడా?” అని పోట్లాటకొస్తుంది.

ఇప్పుడు క్రియ చూడండి. “మనం గెలిచాం.” “మేము గెలిచాం.” క్రియ మారలేదు! పైగా తెలుగులో మనం, మేము అన్న మాటలు చాలాసార్లు నోటితో అననే అనం. “గెలిచాం!” అని అరుస్తాం, అంతే. వింటున్నవాడు అందులో ఉన్నాడా లేడా అన్నది వాడే తేల్చుకోవాలి. తెలంగాణలో “గెలిచినం”, రాయలసీమలో “గెలిచినాం” అంటారు. అక్కడా ఇదే కథ.

ఒక్క చోట మాత్రం అనుమానమే ఉండదు. వెళ్దాం, తాగుదాం, చూద్దాం, ఆడదాం. చివర ‘దాం’ ఉంటే ఎదుటివాణ్ణి పిలుస్తున్నట్టే. అక్కడ ‘మనం’ అని వేరే చెప్పకపోయినా అది లోపల ఉంటుంది.

ఈ ఏర్పాటు తెలుగుకి ఒక్కదానికే లేదు. తమిళంలో నామ్, నాంగళ్ ఉన్నాయి. మలయాళంలో నమ్మళ్ అంటే మనం, ఞఙ్ఙళ్ అంటే మేము. ఆ రెండో మాటని ఇంకోసారి చూడండి. అక్షరమాల నేర్చుకునేటప్పుడు “ఇవి ఎక్కడ వాడతాం?” అని మీరు టీచర్ని అడిగి ఉంటారే, ఆ ఞ, ఙ రెండూ ఒకే మాటలో కలిసి కూర్చున్నాయి. హిందీలో ఈ తేడా లేదు, రెండింటికీ ‘హమ్’ ఒక్కటే. అందుకే అంకుల్ వాళ్ళు హిందీలో మాట్లాడినంతసేపూ తెలియని విషయం, మలయాళంలోకి మారగానే అబ్బాయికి తెలిసిపోయింది.

రహీం గారి గురించి ఇంకో మాట. ఆయన శిక్షణలోనే మన జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆటల్లో మన దేశ ప్రతినిధి ఒకరు అన్న మాటలకి అక్కడి జనానికి కోపం వచ్చింది. అందుకే ఫైనల్ రోజు అంత గోల. ఆ గోల మధ్యలో మనవాళ్ళ కోసం చప్పట్లు కొట్టినవాళ్ళలో పాకిస్తాన్ హాకీ జట్టువాళ్ళు ఉన్నారని ఆనాటి ఆటగాళ్ళు చెప్పుకునేవారు. రహీం గారు ఆ మరుసటి ఏడాది, 1963లో, చనిపోయారు. 2024లో వచ్చిన ‘మైదాన్’ అనే హిందీ సినిమా ఆయన కథే.

చేసి చూడండి

ఖాళీల్లో మనం, మేము, మన, మా, మాకు, మనకి – ఏది సరిపోతుందో రాయండి. బ్రాకెట్లో ఎవరితో మాట్లాడుతున్నారో ఉంది. అది చూడకుండా రాస్తే తప్పు వస్తుంది.

1. (విమానంలో పక్క సీటావిడతో) “______ దుబాయి నుంచి వస్తున్నాం. మీరు ఎక్కడినుంచండీ?”
2. (ఒకే జట్టులో ఆడే స్నేహితుడితో) “ఇంకో గోల్ కొడితే చాలురా, కప్పు ______ వస్తుంది.”
3. (ఎదుటి జట్టువాడితో) “ఈసారి కప్పు ______ రాలేదు కానీ, వచ్చే ఏడు చూడు.”
4. (నెల్లూరులో ఉన్న తాతయ్యతో, ఫోనులో) “తాతయ్యా, ______ ఇంట్లో ఇంకా నిద్ర లేవలేదు. అక్కడ తెల్లారిందా?”
5. (అదే తాతయ్యతో, ఊరికి వచ్చాక) “తాతయ్యా, ______ సముద్రం దగ్గరికి ఎప్పుడు వెళ్దాం?”
6. (తమ్ముడితో) “ఇది ______ గది. అందులో సగం నువ్వు సర్దు.”

ఇప్పుడు కథలోంచి కొన్ని ప్రశ్నలు. జవాబులు మాటల్లో చెప్పండి, రాయక్కర్లేదు. “ఆ ‘మనం’లో నేనూ ఉన్నాను” అని అబ్బాయి ఎందుకన్నాడు? నెల్లూరు అని చెప్పినా తాత ఎందుకు వినిపించుకోలేదనుకుంటున్నారు? అర్జెంటీనా ఓడిపోతుందేమో అనిపించినప్పుడు ముందు వరసాయన ఇంటికెళ్ళకుండా గేటు దగ్గరే ఎందుకు నిలబడ్డాడు? తాత “మీవాడు” అన్నారు కానీ “మనవాడు” అనలేదు. అనుంటే అబ్బాయికి ఎలా ఉండేది?

చిన్న అంకుల్‌ని గోడమీద పిల్లి అనొచ్చా? ఆయన ఆ రాత్రి ఫ్రాన్స్ వైపు దూకి, పారిపోయి, మళ్ళీ వచ్చారు. కానీ బ్రెజిల్‌ని మాత్రం వదల్లేదు. తరగతిలో రెండు జట్లుగా విడిపోయి వాదించుకోండి. సగం వాదన అయ్యాక టీచరు చప్పట్లు కొడతారు. అప్పుడు జట్లు మారాలి, ఇంతవరకు తిట్టినవాళ్ళు వెనకేసుకు రావాలి. (వెనకేసుకు రావడం అంటే ఒకరి తరఫున మాట్లాడటం.) ప్లేటు ఎంత నున్నగా ఫిరాయిస్తారో చూద్దాం.

ఇంటిపని: మీ తాతయ్యకో అమ్మమ్మకో ఫోన్ చేసి, వాళ్ళు చిన్నప్పుడు ఏ ఆటలో, ఏ జట్టుని “మనవాళ్ళు” అనేవాళ్ళో అడగండి. అది క్రికెట్ కావచ్చు, కబడ్డీ కావచ్చు, పక్క ఊరితో ఆడిన వాలీబాల్ కావచ్చు. ఓడిపోయిన రోజు ఏం చేసేవాళ్ళో కూడా అడగండి. వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే, యాస మార్చకుండా పది వాక్యాల్లో రాసి తీసుకురండి. వచ్చే తరగతిలో పైకి చదువుతాం.